నూట నలభై మెట్ల తీగ

బెజవాడ కొండవాలు మీద, నూట నలభై మెట్ల బజారులో, కేబుల్ వజ్రమ్మ అనే పెద్దావిడ ఉండేది. పనిలో ఒకరు వంక పెట్టేలా చేసేదీ కాదు, ఒకరన్న మాట మరిచిపోయేదీ కాదు.

ఆమెకి చదువు రాదు. అంకెలు పోల్చుకునేది, సంతకం నిదానంగా గీసేది, అంతే. అయినా భర్త పోయాక ముప్పై ఏళ్లు ఆ కొండ మీద టీవీ తీగలు తానే నడిపింది. ఏ స్తంభం ఏ ఏడు పాతారో, ఏ గోడలో ఏ మేకు కదులుతోందో ఆమెకి తెలుసు. ప్రతి స్తంభం దగ్గరా మూడు మూరల తీగ మిగులు పెట్టి, గుండ్రంగా చుట్టి కట్టేది. "మిగులు లేని తీగ ఊపిరి బిగబట్టిన మనిషి లాంటిది. ఎంతసేపు ఆగుతుంది?" అనేది. తోటి పనివాడు రాఘవులు ఎక్కడన్నా ముడి వదులుగా వేస్తే, విప్పించి మళ్లీ వేయించేది. రాఘవులుకి యాభై దాటాయి. పాతికేళ్లుగా ఆమె దగ్గరే పని. ఆమె తిట్లు తిని అరిగించుకున్న మనిషి.

పనిలో ఎంత గట్టిదో పగలోనూ అంత గట్టిది. సగం కొండ ఎక్కాక, డెబ్బయ్యో మెట్టు దగ్గర ఇస్త్రీ గంగులు ఇల్లు ఉంది. పన్నెండేళ్ల కిందట క్రికెట్టు ఫైనల్ నడుస్తుంటే, సరిగ్గా ఆఖరి ఓవర్లో, గాలివానకి కేబుల్ పోయింది. బజారంతా మెట్ల మీదకి వచ్చి అరిచింది. అరిచిన వాళ్ల మీద వజ్రమ్మకి కోపం రాలేదు. గంగులు మాత్రం నలుగురిలో నవ్వుతూ, "వదినా, నీ కేబులు కంటే నా బట్టలారేసే తాడు నయం. ఎంత గాలొచ్చినా తెగదు" అన్నాడు. బజారు గొల్లుమంది.

మర్నాడు పొద్దున్నే వజ్రమ్మ అతని ఇంటి తీగ కత్తిరించింది. ఆ డాబా మీదుగా పైకి పోయే లైను కూడా విప్పేసి, చుట్టూ తిప్పి వేసింది. ఆ రోజు నుంచి గంగులుతో మాట లేదు. డెబ్బయ్యో మెట్టు దగ్గరికి వస్తే మొహం అవతలికి తిప్పుకుని దిగేది. ఒకసారి అలా తిప్పుకుని దిగుతూ కాలు మడతపెట్టుకుంది. దానికీ గంగులునే తిట్టుకుంది.

ఇలా ఉండగా ఊళ్లోకి ఫైబర్ నెట్ వచ్చింది. వెంట్రుకంత గాజు పోగులో వెలుతురు పరుగెత్తి, రెప్ప వేసేలోగా బొమ్మనీ మాటనీ ఇంట్లోకి తెస్తుంది. ఒక కంపెనీ కింద రోడ్డు పొడుగునా లైను వేసి, నెలకి నాలుగు వందలు అంది. కొండ మీద వాళ్లు సంబరంగా వెళ్లి అడిగితే, మీకు ఎనిమిది వందలు అంది.

కొండ మీద వాళ్లకి ఇలాంటివి కొత్త కాదు. గ్యాస్ బండ పైకి రావాలంటే మెట్ల కూలి. నీళ్ల టిన్నుకి మెట్ల కూలి. పెళ్లికి కుర్చీలు అద్దెకి తెచ్చుకున్నా కుర్చీకింత అని మెట్ల కూలి. మోసేవాడికి ఆయాసం వస్తుంది, ఇవ్వాలి, అది న్యాయం. కానీ నెట్‌కి కూడా మెట్ల కూలా?

అన్నిటికన్నా పైనున్న ఇంట్లో షంషాద్ అనే ఆమె మగ్గం పని చేసేది. జాకెట్ల మీద పూసలూ జరీ కుట్టేది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఫోన్లో ఆ పని చూసి బేరం ఇచ్చేవాళ్లు. పైన సిగ్నల్ అందక, ఆమె రోజుకి రెండుసార్లు నూట నలభై మెట్లూ దిగి, కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని చూపించేది.

"పెరిగిన నాలుగు వందలంటే నాకు రెండు రోజుల కూలి పిన్నీ. అంటే ప్రతి నెలా రెండు రోజులు నేను మెట్ల కోసం కుట్టాలన్నమాట" అంది ఒక రోజు, నవ్వుతూనే.

ఆ నవ్వు వజ్రమ్మకి గుచ్చుకుంది. మర్నాడు మంచి చీర కట్టుకుంది. దానికి ఇస్త్రీ కూడా గంగులు దగ్గర కాదు, రెండు బజార్ల అవతల ఇంకొకడి దగ్గర చేయించుకుంది. నేరుగా కంపెనీ ఆఫీసుకి వెళ్లి మేనేజరు ముందు కూర్చుంది. మేనేజరు పేరు శశాంక్. కుర్రతనం పోని మొహం, మర్యాద తెలిసినవాడు.

"బాబూ, కిందకి ఒక రేటు, మాకు ఒక రేటు ఎందుకు?"

"కొండ కదండీ మామ్మగారూ. ఎక్కాలి కదా."

"ఎవరు ఎక్కాలి?"

"మా మనుషులు ఎక్కాలి, లైను ఎక్కాలి."

"మీ మనుషులు ఎక్కేది ఒక్కసారి. తరవాత ఎక్కేది వెలుతురే కదా? వెలుతురుకి ఆయాసం వస్తుందా బాబూ?"

శశాంక్ నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, "తీగ వేయడం పెద్ద ఖర్చు కాదండీ, దాన్ని నిలపడం ఖర్చు. మీ కొండ మీద వానొస్తే తెగుతుంది, గాలొస్తే తెగుతుంది. ప్రతిసారీ మనుషుల్ని పంపాలి" అన్నాడు.

"పంపొద్దు. వేసేది నేను, నిలిపేది నేను. రేటు మాత్రం కింద రేటే."

శశాంక్ గోడ మీది క్యాలెండరు వంక చూశాడు. "సరే. నెల రోజులు చూస్తాను. ఆ నెలలో ఒక్కసారి కూడా ఆరు గంటలకి మించి నెట్ ఆగకూడదు. అలా నిలిపితే కొండకీ కింద రేటే రాసిస్తాను. ఆగితే మాత్రం లైను మాది, రేటూ మాదే."

అలాగని కాగితం రాయించింది వజ్రమ్మ. ఒకసారి చదివించుకుంది. "మళ్లీ చదువు" అంది. రెండోసారీ మాట మారలేదని తేల్చుకున్నాక నిదానంగా తన పేరు గీసింది. కొండకి తిరిగొచ్చి, మెట్ల మొదట్లో నిలబడి, "ఇక నుంచి పైనా కిందా ఒకటే రేటు. వజ్రమ్మ మాట!" అని అందరికీ వినపడేలా చెప్పింది. పై ఇళ్ల దాకా చప్పట్లు ఎక్కాయి.

మాట ఇవ్వడం అయింది. దారి చూసుకోవడం మిగిలింది.

"అక్కా, గంగులు డాబా మీదుగా పోతే అక్కడి ఐదు పాత స్తంభాలతోనే పైకి చేరతాం. నిట్టనిలువు దారి" అన్నాడు రాఘవులు.

"ఆ డాబా పేరెత్తకు."

"వాళ్ల నాన్న బట్టల తాళ్ల కోసం పాతిన గుంజలున్నాయక్కా అక్కడ. వేలంలో కొన్న పాత రైలు పట్టా ముక్కలు. కొండరాయిని తొలిచి దించాడు. ఏనుగుని కట్టినా కదలవు."

"ఏనుగునే కట్టుకోమను. నా తీగ కట్టను."

"మరి ఎటు పోదాం?"

"బండ పక్కగా."

రాఘవులు తల గోక్కున్నాడు. "అటు రాళ్లు వదులుగా ఉన్నాయక్కా. పోయిన వానాకాలం రెండు దొర్లాయి."

"నా పనితనం మీద నమ్మకం లేదురా నీకు?"

"నీ పనితనం మీద ఉందక్కా. రాయి మీదే లేదు."

వజ్రమ్మ వినలేదు. బండ పక్కగా పద్నాలుగు స్తంభాలు వేసి, ఐదు స్తంభాల దూరాన్ని మూడింతలు చేసి తీగ లాగింది. పని మాత్రం, శత్రువు కూడా మెచ్చుకోవాలి, అంత ముచ్చటగా చేసింది. గాజు పోగులు అతికే మిషను అద్దెకి తెచ్చి, రాఘవులు చేత నేర్పించి, తాను పక్కన కూర్చుంది. తీగలో పన్నెండు పోగులు, పన్నెండు రంగులు. వాటి వరస తప్పితే ఒకరి ఇంటి నెట్ ఒకరికి పోతుంది. చదువుకున్న వాళ్లు ఆ వరస కాగితం చూసి చెబుతారు. వజ్రమ్మ ఆకాశం, కమలాపండు, చింతాకు, బెల్లం, బూడిద, మల్లెపువ్వు అని అల్లుకుంటూ పోయి పన్నెండూ గుర్తుపెట్టుకుంది. ఒక్క పోగు తప్పలేదు.

కొండ మీద నూట పన్నెండు ఇళ్లు. నూట పదకొండు ఇళ్లలో నెట్ డబ్బా మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. షంషాద్ తన మగ్గం దగ్గరే కూర్చుని, తన ఇంటి వెలుతురులో, మొదటిసారి పని చూపించింది. వజ్రమ్మ రోజూ సాయంత్రం అరవై రెండేళ్ల మోకాళ్లతో నూట నలభై మెట్లూ ఎక్కి, ఇంటింటి దీపమూ చూసి దిగేది. డెబ్బయ్యో మెట్టు దగ్గర మాత్రం మొహం అవతలికి తిప్పుకునేది. వెలగనిది ఆ ఒక్క ఇల్లే.

పందొమ్మిది రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజు తెల్లవారుజామున కుంభవృష్టి కురిసింది. ఆరు గంటలకి కొండ పక్క నుంచి పిడుగు లాంటి చప్పుడు వచ్చింది. ఎద్దుబండి అంత బండరాయి ఒకటి దొర్లి, వెంట నాలుగు రాళ్లని తోడు తీసుకుని, మూడు స్తంభాలని పుల్లల్లా విరిచి కిందకి పోయింది. అటు ఇళ్లు లేవు కాబట్టి మనుషులకి ఏమీ కాలేదు. కొండ మీద నూట పదకొండు దీపాలూ ఒక్కసారి ఎర్రబడ్డాయి.

వజ్రమ్మ తడుస్తూనే పరుగెత్తింది. అప్పటికే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి దారికి అడ్డంగా తాడు కట్టేశారు. "ఇంకా రాళ్లు దిగుతున్నాయమ్మా. ఇవాళ అటు ఎవర్నీ పోనివ్వం" అన్నారు. ఆమె బతిమాలింది. కోప్పడింది. కాలవ గట్టు వెంట దారి ఉందేమోనని చూసింది, అక్కడ నీళ్లు పొంగుతున్నాయి. వెనక మెట్ల వైపు చూసింది, అటు గోడ కూలి ఉంది. అన్ని దారులూ చూసింది, ఉన్న ఒక్క దారి తప్ప. ఎనిమిదిన్నర అయింది. మధ్యాహ్నం పన్నెండు దాటితే మాట పోతుంది.

"అక్కా" అన్నాడు రాఘవులు.

"చెప్పకు. నాకు తెలుసు" అంది వజ్రమ్మ.

మిగిలిన తీగ చుట్టని చెరో వైపూ పట్టుకుని ఇద్దరూ డెబ్బయ్యో మెట్టు ఎక్కారు. గంగులు వసారాలో నిలబడి ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు విసురుతున్నాడు. వజ్రమ్మ గడప దగ్గర ఆగింది.

"రాఘవులూ, ఈ డాబా మీదుగా తీగ లాగాలి, వీలవుతుందేమో ఆయన్ని అడుగు" అంది.

గంగులు మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా రాఘవులునే చూస్తూ, "రాఘవులూ, పన్నెండేళ్లు కనపడని డాబా ఇవాళ ఎలా కనపడిందో ఆవిడని అడుగు" అన్నాడు.

"రాళ్లు పడ్డాయని చెప్పు."

"విన్నానని చెప్పు. పడ్డది ఆరింటికి. ఇప్పుడు ఎనిమిదిన్నర. నా గడప వెతుక్కోవడానికి రెండున్నర గంటలు పట్టిందా అని అడుగు."

రాఘవులు అటొకసారి ఇటొకసారి తల తిప్పి తిప్పి, "నా మెడ పట్టేసింది బాబూ! ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయిగా" అని మెట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడు పై నుంచి షంషాద్ దిగుతూ వచ్చింది. చంకలో జాకెట్ల మూట, చేతిలో ఫోను, నెత్తిన ప్లాస్టిక్ సంచి. మళ్లీ ఆ కిరాణా కొట్టు అరుగుకే పోతోంది. వజ్రమ్మని చూసి, "పర్లేదు పిన్నీ, నాకు అలవాటేగా" అని దాటి దిగిపోయింది.

వజ్రమ్మ ఆమె తడిసిన పాదాల వంకే చూసింది. మూడు మెట్లు, నాలుగు మెట్లు, ఐదు. తరవాత మొహం ఇటు తిప్పింది. పన్నెండేళ్లలో మొదటిసారి గంగులుని సూటిగా చూసింది. అతని మీసం తెల్లబడిందని అప్పుడే తెలిసింది.

"గంగులూ, నాకు నీ డాబా కావాలి."

"నీకు కావాలా, కొండకి కావాలా?"

"కొండకి కావాలి. అడిగేది నేను."

గంగులు ఇస్త్రీ పెట్టె కింద పెట్టాడు. "ఈ మాట అప్పుడే అడిగుంటే రాళ్లకి పని తప్పేది వదినా" అని మూలనున్న కత్తి తీసుకుని డాబా ఎక్కాడు. గుంజలకి కట్టిన బట్టల తాళ్లు విప్పుతూ కూర్చోలేదు. నాలుగు తాళ్లూ నాలుగు వేట్లకి కోసేశాడు.

"పొట్ట కూటి తాళ్లయ్యా అవి!" అన్నాడు రాఘవులు.

"తాడు రేపు కొనుక్కోవచ్చు. ఇవాళ పోయిన గంట రేపు కొనుక్కోగలవా? లాగు!"

లాగారు. గంగులు పట్టా గుంజ మీదకి ఎక్కి తీగ అందుకున్నాడు. పై ఇళ్ల వాళ్లు గోడల మీద నుంచి చేతులు చాచి అందుకున్నారు. చేయి చేయి మారుతూ తీగ పైకి పాకింది. అంత హడావుడిలోనూ వజ్రమ్మ, "వంచకండి, లోపలుంది గాజు! ఆ ముడి విప్పు, మళ్లీ వెయ్యి!" అని అరుస్తూనే ఉంది. ఒక ముడి గంగులు చేత కూడా మళ్లీ వేయించింది. అతను కిక్కురుమనకుండా వేశాడు. మిగిలిన తీగ ఆ నిట్టనిలువు దారికి అంగుళం అటూ ఇటూగా సరిపోయింది. అతకడానికి పోగు అందాలంటే కిందా పైనా ఇంకొంచెం తీగ కావాలి. వజ్రమ్మ పెట్టిన మూడు మూరల మిగులు అక్కడ పనికొచ్చింది.

కింద పన్నెండు పోగులూ అతికేసరికి పదకొండు గంటలైంది. మిషను నెత్తిన పెట్టుకుని రాఘవులు మెట్లెక్కాడు. పైన మిషను తడవకుండా అందరూ గొడుగులు పట్టారు. ఆకాశం, కమలాపండు, చింతాకు... వజ్రమ్మ పిలుస్తోంది, రాఘవులు అతుకుతున్నాడు. పన్నెండోది పడగానే పై ఇంటి నుంచి షంషాద్ కొడుకు, "పచ్చ!" అని కేక పెట్టాడు. పక్కింట్లోంచి ఇంకో కేక. ఆ కేక ఇల్లిల్లూ దిగుతూ కింద రోడ్డు దాకా పోయింది. పదకొండు నలభై రెండు.

సరిగ్గా అప్పుడే మేనేజరు శశాంక్ గొడుగు వేసుకుని, వగరుస్తూ, డెబ్బయ్యో మెట్టు దాకా ఎక్కాడు. గంగులు ఇంటి వసారాలో గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. గంగులుతో పాటు పై నుంచి దిగొచ్చిన వజ్రమ్మ ఆ కుర్రాణ్ణి చూసి, "చూశావా బాబూ, ఆయాసం నీకొచ్చింది. వెలుతురుకి రాలేదు" అంది.

శశాంక్ నవ్వి తలెత్తి గుంజల వంక చూశాడు. "ఈ డాబా మీకు ఎలా ఇచ్చాడు మామ్మగారూ? మీరు మా ఆఫీసుకి రాక ముందు దీని కోసం నేను నాలుగుసార్లు తిరిగాను. ఇక్కడ మా లైను పంచే పెద్ద డబ్బా పెట్టనిస్తే నెల నెలా అద్దె ఇస్తానన్నాను. కొండ మొత్తం మా రేటుకే అయిపోయేది. ఈయన ఒప్పుకోలేదు. 'ఈ కొండ మీద తీగంటే మా వదినది, ఆవిణ్ణి అడగండి' అన్నాడు. మీరు చుట్టాలా?"

వజ్రమ్మ గంగులు వైపు తిరిగింది. గంగులు బొగ్గులు చల్లారిపోయాయని గొణుక్కుంటూ ఇస్త్రీ పెట్టె తెరిచాడు.

"నాకు ఎందుకు చెప్పలేదు?" అంది వజ్రమ్మ.

"నువ్వు నాతో మాట్లాడితే కదా చెప్పడానికి" అన్నాడు గంగులు. "మాటల్లేకపోతే మాత్రం, కొండ మనది కాకుండా పోతుందా?"

ఆ రోజు మొదటిసారి వజ్రమ్మ తన పనికి తానే వంక పెట్టుకుంది. పోగు తప్పలేదు, ముడి తప్పలేదు, మిగులు తప్పలేదు. దారే తప్పింది. తప్పించింది రాయి కాదు, తానే.

ముప్పయ్యో రోజు శశాంక్ కొండకే వచ్చి కాగితం ఇచ్చాడు. బజారంతా మెట్ల మీద కూర్చుంది. వజ్రమ్మ చదివించుకుంది, "మళ్లీ చదువు" అంది. కొండకీ కిందకీ ఒకటే రేటు, నాలుగు వందలు. మెట్ల కూలి లేదు. ఆ మాట రెండోసారి విన్నప్పుడు ఆమె నడుం పాతికేళ్ల దానిలా నిటారుగా నిలబడింది. నిలబడదా మరి? ఆ కొండకి మెట్ల కూలి లేకుండా ఎక్కిన మొదటి వస్తువు అది.

సాయంత్రం తానే గంగులు గోడకి మేకులు కొట్టి నూట పన్నెండో దీపం వెలిగించింది.

"డాబా ఇచ్చానుగా, నాకు ఊరికే ఇస్తావా వదినా?" అన్నాడు గంగులు.

"పైనా కిందా ఒకటే రేటన్నాను. తిట్టుకున్న వాళ్లకీ, కలిసిపోయిన వాళ్లకీ కూడా అదే రేటు. నాలుగు వందలు."

"అబ్బో! పోనీ ఒక్క మాటన్నా ఒప్పుకో. నీ కేబులు కంటే నా తాడు నయమని."

వజ్రమ్మ కొత్తగా కట్టిన బట్టల తాడు వేలితో లాగి చూసింది. అది ఊగింది. పట్టా గుంజని చేత్తో తట్టి చూసింది. అది ఉలకలేదు.

"గుంజ నయం. తాడు ఇప్పటికీ వదులే. విప్పు, మళ్లీ కట్టు" అంది.

పిల్లలూ, పెద్దలూ, గుర్తుపెట్టుకోండి: పనితనం ఎంత గొప్పదైనా పగ చూపిన దారిలో పెడితే నిలవదు; పగ పట్టి తిప్పిన దారి పొడుగూ ఎక్కువే, తెగేదీ అదే ముందు.